పదికి తొమ్మిది

దామోదర్ ఆఫీసులో ఏదో యంత్రానికి చదువు చెబుతున్నాడట. చదువు పూర్తయిన రోజున పంతులుకి దండం పెట్టి ఇంటికి పంపేస్తారట. ఈ సంగతి దామోదర్ భార్య నోరు తెరిచి ఎవరికీ చెప్పలేదు గాని, తెలుగు బడి దగ్గర కార్లో కూచుని కళ్లొత్తుకుంటుంటే, అక్కడే చదివే హంసిక వాళ్లమ్మ కళ్లారా చూసిందట. ఇదంతా రెండిళ్ల అవతలుండే స్మృతి మాట. మంచుకాలంలో అమెరికాలోని ఈ నోవైలో పెద్దవాళ్ల నడక అంటే మాల్‌లోనే. ఆ నడకలో విన్నదానికి కాస్త ఉప్పూకారం జోడించి, అనంతలక్ష్మి శనివారం పొద్దున్న ఇంటికి మోసుకొచ్చింది. డైనింగ్ టేబుల్ మీద గోరుచిక్కుడుకాయలు పోసుకుని, ఎదురుగా లాప్‌టాప్ తెరుచుకున్న కోడలి ముందు పరిచింది.

"అసలు విడ్డూరం అది కాదమ్మా. ఆ చదువుకి మార్కులు వేసేది మన తెలుగు పిల్లేనట. దామోదర్ ఇంట్లో చేయి కడుక్కున్నదేనట. స్మృతికి పేరు మాత్రం తెలియలేదు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, రేణు లాప్‌టాప్ మూత సగం దించింది.

"మార్కులు యంత్రానికి కాదత్తయ్యా. ఆయన రాసిన సూచనలకి."

అన్నాక నాలుక కరుచుకుంది. అనంతలక్ష్మి ఒక కాయకి ఆ చివర, ఈ చివర తుంచి, ఈనె లాగి, అప్పుడు తలెత్తింది.

"నువ్వా?"

"ఊఁ."

"ఎన్నేశావు?"

"తొమ్మిది. పదికి."

"బతికించావు. రేపు దామోదర్ పెళ్లాం, ఆ మహాతల్లి, ఎదురుపడితే మొహం ఎక్కడ పెట్టుకోవాలా అనుకున్నాను. మనవాడికి మంచి మార్కులేశావు, ఇంకెందుకే ఆ మొహం? నిన్న రాత్రి అన్నం కూడా కెలికి వదిలేశావు."

ఆ తొమ్మిది గొంతులో అడ్డం పడే అన్నం దిగలేదని రేణు చెప్పలేదు. చెప్పాలంటే చాలా చెప్పాలి.

రేణు పనిచేసే కంపెనీ బండ్ల తలుపులకి, అద్దాలకి, సీట్లకి సాఫ్ట్‌వేర్ రాస్తుంది. ఏడాది నుంచి అక్కడ కోడు రాసే మనుషులు తగ్గారు, ఏఐ ఏజెంట్లు పెరిగాయి. ఏజెంటు అంటే కొత్తగా పనిలో చేరిన జీతం లేని పాలేరు. బుర్ర పాదరసం, ఊరు మాత్రం తెలియదు. ఏ గట్టు ఎవరిదో, ఏ కాలవకి ఎప్పుడు గండి కొట్టాలో, ఏ దున్న పొడుస్తుందో ముందే చెప్పి పొలంలోకి తోలాలి. అందుకని ప్రతి టీమూ తన ఏజెంటుకి ఒక సూచనల ఫైలు రాసిపెడుతుంది. మా కోడు ఇలా నడుస్తుంది, ఇది ముట్టుకోకు, మార్చాక ఈ టెస్టులు పెట్టు, అని. ఆ సూచనలు మంచివో కావో తేల్చడం రేణు పని. అదే పనిని ఫైలు ఇచ్చి కొన్నిసార్లు, ఇవ్వకుండా కొన్నిసార్లు ఏజెంటు చేత చేయించాలి. ఒక్కోసారి చేయించడాన్ని ఒక పరుగు అంటారు. రెండింటికీ తేడా చూసి మార్కు వేయాలి. చదవడానికి సొంపుగా ఉన్నవన్నీ పనికొచ్చేవి కావని ఆమెకి బాగా తెలుసు. మిగతా టీముల వాళ్లు రాసిన చక్కటి ఇంగ్లీషుని రెండుకీ మూడుకీ దించిన చెయ్యే అది.

దామోదర్ ఫైలు వచ్చిన రోజున మాత్రం ఆ చెయ్యి మెత్తబడింది.

దామోదర్‌ది జగిత్యాల వైపు. వ్యాన్లకి పక్కకి జరిగే తలుపు ఉంటుందే, పిల్లలు ఎక్కి దిగేది, దాని కోడు కంపెనీ పుట్టినప్పటి నుంచీ ఆయన చేతిలోనే ఉంది. రేణు కొత్తగా నోవై వచ్చినప్పుడు మంచులో కారు నడపడం నేర్పిందీ ఆయనే. కడుపుతో ఉన్నప్పుడు వాళ్లావిడ పథ్యం వండి పంపేది. కూతురు నిధి పుట్టిన రోజున హాస్పిటల్‌లో రేణు భర్త చక్రధర్ పక్కన పొద్దుపోయేదాకా కూచున్నదీ ఆయనే. ఆయన ఫైలు తెరిచి చూస్తే చేతిరాత చక్కగా ఉన్న పరీక్ష పేపరులా ఉంది. అన్నయ్య రాసిందాంట్లో తప్పేముంటుందిలే అనుకుంది. పరుగులు ఇంకా క్యూలో ఉండగానే, పూర్తయ్యాక జతచేస్తానని రాసి, గురువారం నాడు తొమ్మిది వేసేసింది. ఎదురింటి వాళ్ల పిల్లాడి పేపరు దిద్దే ప్రతి తెలుగు మాస్టారూ చేసే పనే అది.

శుక్రవారం పొద్దున్నే కెల్లీ మెయిల్ వచ్చింది. కెల్లీ వాళ్ల మేనేజరు, మిషిగన్‌లో పుట్టి పెరిగిన మనిషి, నవ్వకుండా గుడ్ మార్నింగ్ చెప్పదు. ఎనిమిదికి పైన మార్కు వచ్చిన టీముల్లో ఏజెంటు చేసిన మార్పుల్ని ఇక మనుషులు సరిచూడక్కర్లేదు, మొదట తలుపుల టీముతో మొదలుపెడదాం, సోమవారం మీటింగులో ఖాయం చేద్దాం, రేణూ థాంక్స్, అని రాసింది. తలుపుల టీములో మార్పులు సరిచూసే మనిషి ఒక్కడే. దామోదర్.

మంచి చేద్దామని వేసిన మార్కు మనిషి మెడకి చుట్టుకుంది. అంతలో మధ్యాహ్నం పరుగులు పూర్తయి వచ్చాయి. ఆశకొద్దీ వాటిని తెరిచింది, ఏదైనా లోపం దొరికితే మార్కు తగ్గించొచ్చు కదా అని. లోపం దొరికింది. దొరక్కుండా ఉంటేనే బాగుండేది.

టెస్టులన్నీ పాసై పచ్చగా ఉన్నాయి. ఫైలు ఇవ్వని పరుగుల్లో ఏజెంటు చెప్పిన పని చేసి ఊరుకుంది. ఫైలు ఇచ్చిన పరుగుల్లో మాత్రం చెప్పిన పనితోపాటు ఇంకొకటి చేసింది. తలుపు కదిలేముందు కోడులో ఒకచోట చిన్న ఆగుడు ఉంది, కన్ను మూసి తెరిచేంత. దాన్ని తీసిపారేసింది. కింద నోట్ కూడా పెట్టింది: "కారణం రాయని ఆగుడు కనిపించింది. సూచనల ప్రకారం తొలగించాను. తలుపు ఇప్పుడు త్వరగా స్పందిస్తుంది." ఏ సూచన ప్రకారమా అని చూస్తే దామోదర్ ఫైలులో మధ్యలో ఉంది: ప్రయోజనం తెలియని కోడుని ఉంచవద్దు.

ఆ ఆగుడు ప్రయోజనం రేణుకి తెలుసు. ప్రపంచంలో ఇంకెవరికైనా తెలుసో లేదో గాని ఆమెకి తెలుసు. కారు నేర్చుకునే రోజుల్లో ఒక మంచు పొద్దున, స్టార్ట్ చేసీ చేయగానే తెర మీద చలి ఎంతుందో చూడబోతే దామోదర్ పక్కసీట్లోంచి అన్నాడు: "ఆగు చెల్లే. పొద్దుగాల లేవంగనే బండి చెప్పే చలి నిన్నటి చలి. రెండోసారి చెప్పేదాక నమ్మొద్దు. మా తలుపుకి గదే నేర్పిన." ఆ రెండో రీడింగ్ వచ్చేదాకా తలుపుని ఆపేదే ఆ ఆగుడు. చలికి తలుపు రబ్బరు బిగుసుకుంటుంది. ఎంత బలంతో తొయ్యాలో, ఎక్కడ ఏదో అడ్డమొచ్చిందని ఆగిపోవాలో తలుపు చలిని బట్టే లెక్క కడుతుంది. నిన్నటి ముదురు చలితో ఇవాళ లెక్క కడితే, మధ్యలో పిల్ల వేళ్లున్నా రబ్బరు బిగుసుకుందనుకుని ఇంకా తోస్తుంది. ఆఫీసులో టెస్టులు పెట్టే బొమ్మ బండికి నిన్న అనేదే ఉండదు. దాని చలి ఎప్పుడూ తాజా. అందుకే టెస్టులన్నీ పచ్చన.

ఇంత తెలిసిన మనిషి ఇది ఒక్కటి ఎందుకు రాయలేదు? ఆ ప్రశ్న శనివారమంతా రేణు చెవిలో జోరీగలా తిరిగింది. మర్చిపోయాడా, దాచాడా? మర్చిపోతే చేతకానివాడంటారు. దాచాడంటే ఇంకేదో అంటారు. తానే ఆ ఒక్క లైను చేర్చేద్దామా అంటే మార్కులేసేవాళ్లు పేపరు దిద్దకూడదు, దిద్దితే ఎవరు ఎప్పుడు దిద్దారో అక్కడే పేరుతో సహా పడుతుంది. చక్రధర్‌తో చెబితే, "ఆయన్నే అడుగు. అడగడానికి భయమెందుకు?" అన్నాడు. అడిగితే ఏం చెబుతాడోనని భయం. ఆ మాట మొగుడికి చెప్పలేకపోయింది.

ఆదివారం నిధిని తెలుగు బడికి తీసుకెళ్లింది. ఒక చర్చి వాళ్లిచ్చే హాల్లో నడుస్తుంది బడి. దామోదర్ అక్కడ చిన్నపిల్లలకి గుణింతాలు చెబుతాడు. ఆవేళ క్లాసు అయిపోయాక మెట్ల మీద ఉప్పు చల్లుతూ కనిపించాడు. మంకీ క్యాప్, చేతిలో బకెట్టు.

"అన్నయ్యా, ఒక మాట."

"ఎన్ని మాటలైనా చెప్పు, ఉప్పు చల్లనియ్యి. నిన్న ఒకామె జారి పడ్డది."

"మీ ఫైలుకి తొమ్మిది వేశాను."

"చూసిన." గుప్పెడు ఉప్పు విసిరాడు. "గన్ని ఎందుకేసినవ్ చెల్లే? నేనేమన్న శత్రువునా నీకు?"

ఉప్పు మెట్ల మీద చిటచిటమంది.

"మీకు మంచి జరుగుతుందనుకున్నాను."

"ఎరికే. మీ ఆంధ్రోళ్లు మర్యాదకి చంపుతరు." నవ్వాడు గాని నవ్వు మీసం దాటలేదు. "ఆరు వేస్తే పాస్ అయితుండె. ఫస్ట్ క్లాస్ ఎవడడిగిండు నిన్ను? ఆరొస్తే నేను కూసోని చెక్ చేస్తుంటి, ఏజెంటు రాస్తుండె, ఎవని బువ్వ వాడు తినెటోడు."

"పరుగులు చూశాను. ఆ ఆగుడు తీసేస్తోంది."

దామోదర్ బకెట్టు కింద పెట్టాడు. చుట్టూ చూశాడు. పిల్లలు కోట్లు తొడుక్కుంటూ అరుస్తున్నారు, తల్లులు బూట్లు వెతుకుతున్నారు.

"నేను తిరిగి పెడత కదా. వారం వారం పెడుతనే ఉన్న. వాడు తీస్తడు, నేను పెడత."

"రాసి ఉంటే తీయదు కదా అన్నయ్యా. పైగా తెలియనిది ఉంచొద్దని మీరే రాశారు."

"ఆ లైను వేరే టీమోళ్ల ఫైల్‌ల చూసి ఎత్తుకొచ్చిన. మీలాంటోళ్లకి చూడ ముచ్చటగుంటదని." మంకీ క్యాప్ పైకి జరిపి నుదురు రుద్దుకున్నాడు. "చెల్లే, మా దిక్కు వంటలక్కలని చూసినవా? మసాలా అంతా చెప్తరు. కొలతలు చెప్తరు. ఒక్కటి మాత్రం నాలిక కింద పెట్టుకుంటరు. పెండ్లికి మళ్లా పిలవాలె గదా."

"తలుపు పప్పుచారు కాదన్నయ్యా."

ఆయన గొంతు తగ్గించాడు. "మా పోరడు ధృవ్‌ది మే నెలల డిగ్రీ అయితది. నా వీసా మీదనే ఉన్నడు వాడు. గ్రీన్ కార్డ్ లైన్‌ల నా జుట్టు తెల్లగైంది. ఇప్పుడు ఉద్యోగం పోతే రెండు నెలల్ల అందరం సామాన్లు సదురుకోవాలె. మే దాక ఆగితే చాలు. తొమ్మిదిని ఆరు చెయ్యి. భాష బాగలేదని రాయి, పొడుగైందని రాయి, నీ ఇష్టం. ఆ రెండో రీడింగ్ సంగతి మాత్రం రాయకు."

"మీకు జ్వరమొస్తే?"

"రాదు."

"ఏదైనా పని మీద ఇండియా వెళితే?"

"పోను. మా నాయన పోయినప్పుడే పోలే."

రేణు ఇంకేదో అనబోయేలోపే నిధి పరుగెత్తుకొచ్చి, "దామోదర్ అంకుల్, మీ వ్యాన్ డోర్ ఓపెన్ చేయరా ప్లీజ్, హంసిక బ్యాగ్ లోపల ఉంది," అని గునిసింది. ఆయన జేబులోంచి రిమోట్ తీసి మీట నొక్కాడు. పాత వ్యాను తలుపు అక్కడే క్షణం ఆగింది, ఏదో గుర్తు తెచ్చుకున్నట్టు. తర్వాత కిర్రుమంటూ వెనక్కి జరిగింది. నిధి బ్యాగ్ లాక్కుంది. తలుపు మూతపడే దారిలో ఎర్ర గ్లవుజు చెయ్యి ఆనించి, అవతల ఉన్న హంసికతో ఏదో చెబుతోంది.

"నిధీ."

రేణు ఒక్క అంగలో వెళ్లి ఆ చెయ్యి లాగేసింది. మరీ గట్టిగా లాగింది. పిల్ల మంచులో కూలబడి, "వాట్ డిడ్ ఐ డూ, మమ్మీ?" అని ఏడుపు మొహం పెట్టింది. తలుపు అసలు మూతపడటమే మొదలవలేదు. దామోదర్ రెండోసారి మీట నొక్కనే లేదు. ఆయన రేణు వంక చూసి, మీట జేబులో పెట్టుకుని, బకెట్టు తీసుకుని మెట్లవైపు వెళ్లిపోయాడు.

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. దారి పొడుగునా రేణు ఆరు అనే అంకెని నోట్లో అటూ ఇటూ తిప్పింది. ఆరు వేస్తే అందరూ బాగుంటారు. దామోదర్ ఉంటాడు, ఆగుడు ఉంటుంది, మే నెల వస్తుంది. అబద్ధం చిన్నది, ఎవడికీ దెబ్బ తగలదు. అంతా ఒక్క మనిషి ఒంట్లో బాగుండటం మీద ఆధారపడి ఉంది, అంతే కదా. సిగ్నల్ దగ్గర వెనక కారు హారన్ కొడితే గాని పచ్చలైటు వచ్చిందని ఆమెకి తెలియలేదు.

ఇంట్లో అనంతలక్ష్మి పలకరింపుగా, "దామోదర్ కనిపించాడా? సంతోషించాడా?" అంది.

"సంతోషించారు."

"మరి? కన్నతల్లి కూడా అన్ని మార్కులెయ్యదు."

సోమవారం మీటింగు గది వేడిగా ఉంది, కోటు విప్పినా రేణుకి వీపు తడిసింది. కెల్లీ డోనట్ల పెట్టె తెరిచి బల్ల మధ్యకి తోసింది. దామోదర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు, పెళ్లిచూపులకి వచ్చినట్టు. రేణు వైపు చూసి చిన్నగా తలాడించాడు. ఆరు, అన్నట్టు.

"ముందుగా ఒకటి చెప్పాలి," అంది రేణు ఇంగ్లీషులో. "తొమ్మిది వెనక్కి తీసుకుంటున్నాను. పరుగులు రాకముందే వేశాను. ఊరికే చదివి వేశాను. ఆ తప్పు పూర్తిగా నాది."

కెల్లీ నవ్వు అలాగే ఉంది గాని కళ్లు మారాయి. "ఇప్పుడు ఎంత?"

"మూడు."

దామోదర్ డోనట్ల పెట్టె వైపు చూస్తున్నాడు.

రేణు పరుగులు తెర మీద పెట్టింది. ఫైలు లేనప్పుడు ఏజెంటు ఏం చేసిందో, ఉన్నప్పుడు ఏం తీసేసిందో చూపించింది. ఆ ఆగుడు ఎందుకుందో, అది లేకపోతే చలి పొద్దున ఏమవుతుందో చెప్పింది. పిల్ల వేళ్లు అనే మాట దగ్గర ఆగి, నీళ్లు తాగి మళ్లీ చెప్పింది. ఆ సంగతి నీకెలా తెలుసని కెల్లీ అడుగుతుందని రాత్రంతా భయపడింది. కెల్లీ అడగలేదు.

"మనిషి రివ్యూ తీసేయకూడదు," అంది రేణు. "తలుపుల టీములో అసలు తీసేయకూడదు." తర్వాత, కారు నడుపుతూ వచ్చేటప్పుడు మాటమాటా కూర్చుకున్న ఆ ఒక్క వాక్యం చెప్పింది: "ఏళ్ల తరబడి చేతికి అలవాటైపోయిన పనిని రాయాలని ఎవరికీ తట్టదు. మర్చిపోవడం చాలా సహజం."

అది ఆమె దామోదర్‌కి తెరిచిపెట్టిన తలుపు. అందులోంచి బయటికి వచ్చేస్తే చాలు. అవును, మర్చిపోయాను, ఇవాళే చేరుస్తాను, అంటే అయిపోతుంది. మూడు మార్కులు వచ్చిన ఫైలుకి రివ్యూ చేసేవాడు కావాలి. మే నెల దాకా ఎవరూ ఆయన్ని కదిలించరు. రేణు బల్ల కింద చేతులు నలుపుకుంటూ ఉన్న దేవుళ్లందరికీ మనసులోనే మొక్కింది.

కెల్లీ ఆయన వైపు తిరిగింది. "మర్చిపోయావా, దామోదర్?"

దామోదర్ రేణు వంక చూశాడు. కోపంగా కాదు. మంచులో ఆమె మొదటిసారి బ్రేకు తొక్కి కారు తిప్పేసిన రోజున చూసినట్టు చూశాడు.

"లేదు," అన్నాడు. "ఆ ఆగుడు పెట్టింది నేను. మర్చిపోతానా?"

"మరి రాయలేదేం?"

"రాస్తే ఇవాళ్టి నుంచి నేను అక్కర్లేదు కదా."

కెల్లీ కుర్చీలో వెనక్కి జరిగింది. పెన్నుకి మూత పెట్టింది, మళ్లీ తీసింది. ఎప్పుడూ లేనిది, నవ్వు లేకుండా అడిగింది:

"నువ్వు రాయనివి ఇంకా ఉన్నాయా?"

"ఉన్నాయి," అన్నాడు దామోదర్. "నన్ను పంపించాక ఒక్కొక్కటీ మీకే తెలుస్తాయి."